వదిన చెప్పిన కొబ్బరి పిందెల కెమిస్ట్రీ

మొన్న కంటి ఆసుపత్రిలో నా వంతు కోసం కూర్చున్నప్పుడు, బల్ల మీద చేతులకు రాసుకునే మందు సీసాపై సన్నటి అక్షరాలతో ‘ప్రొపాన్-2-ఓల్’ అని కనిపించింది. మూడు కార్బన్లు, నడిమి దానికి ఓహెచ్ అని మనసులోనే బొమ్మ గీసేసుకున్నాను. ఆ బొమ్మ వెనకే అల్లవరం దగ్గరి మా ఊరు, ముసురు పట్టిన మధ్యాహ్నాలు, మా వదిన కదిలివచ్చారు.

డెబ్బైల నాటి మాట. మా పేటలో కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లని నేనే. తాతగారు కూలికి వెళ్ళిన చేలగట్ల మీదుగానే పుస్తకాలు గుండెలకు హత్తుకుని అమలాపురం బస్సుకు నడిచేదాన్ని. ఇంటర్ రెండో ఏడు మూడు నెలల పరీక్షలో కెమిస్ట్రీ తప్పాను. బడిపంతులైన నాన్నగారు కోప్పడలేదు గాని, పెద్ద పరీక్ష కూడా ఇలాగే అయితే చదువు చాలించి కుట్టుపని నేర్చుకోమన్నారు. ఆయన మెల్లగా అన్న మాటకే మాకు భయం ఎక్కువ.

నా పేపరు చూసింది వదినే. అన్నయ్యతో పెళ్ళై ఏడాదైంది. పెళ్ళి కుదిరిన తొందరలో డిగ్రీ ఆఖరి పేపర్లు రాయకుండానే మా ఇంటికి వచ్చేశారు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. పెరట్లో రాలిన కొబ్బరి పిందెలు ఏరుకొచ్చి, ఈనెలతో ఒకదానికొకటి గుచ్చి అరుగు మీద పరిచారు. పిందె కార్బను, ఈనె బంధం. పరీక్షలో నేను దీన్నే నాలుగు పిందెల గొలుసని, చివరిది కొమ్మని, ‘1-మిథైల్ బ్యూటేన్’ అని రాసి వచ్చాను.

“చివర తగిలింది కొమ్మ కాదమ్మా. వంగినా గొలుసే. లెక్కెట్టి చూడు,” అన్నారు.

అయిదు. పెంటేన్. అంతే!

అలా వానాకాలమంతా అరుగు మీదే గడిచింది. కాలవలో నానేసిన కొబ్బరిపీచు వాసన గాలిలో తేలి వచ్చేది; వదిన మీథేన్, ఈథేన్, ప్రొపేన్ అంటూ తోబుట్టువులను పిలిచినంత మెత్తగా చెబుతుంటే, కొమ్మ ఏ చివరకు దగ్గరో ఆ చివర నుంచే అంకెలు వెయ్యాలన్న నియమం కూడా నాకు జోలలా వినిపించేది. ఒకరోజు సగం గుచ్చిన గొలుసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఏమైందని అడిగితే, ఆ పేపర్లు రాసేసుంటే బాగుండేదమ్మా అని మాత్రం అన్నారు.

పెద్ద పరీక్ష ఫలితాలొచ్చాయి. పేపర్లో నా నెంబరు చూసి నాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ధైర్యంతోనే నోరు విప్పాను: చెప్పింది వదినేనండీ, ఆవిడ పేపర్లు కూడా రాయనివ్వండి, అని. అన్నయ్య నేలచూపులు చూశాడు. వదిన గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. నాన్నగారు తలెత్తి, “పరీక్షలెప్పుడమ్మా?” అన్నారు.

“సెప్టెంబర్లోనండీ, మావయ్యగారూ.”

“అయితే రేపట్నించి వంట మీ అత్తగారు చూసుకుంటారు. నువ్వు చదువుకో.”

“ఆయ్,” అని తలూపారు వదిన.

రాశారు, ప్యాసయ్యారు, హైస్కూల్లో సైన్సు టీచరై ఊరందరి పిల్లలకూ చెప్పారు. ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు మా ఇళ్ళలో ఆడపిల్లలు చదువుకోడానికి ఎవరి అనుమతీ అడగరు, కోడళ్ళూ అడగరు. వాళ్ళను చూస్తే సంతోషమే. అయినా ఒక్కోసారి అనుకుంటాను. ఆ ఏడు నేను తప్పి ఉంటే, ఆవిడ మాట ఆ ఇంట్లో ఎవరు ఎత్తేవారు?