మా పెరటి మడుగులో నిమజ్జనం

నా చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగింది. బొజ్జ మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది. ఆ బొజ్జతోనే అమెరికాలో, నేపర్‌విల్‌లో మా పెరడు తవ్వి, కప్పల కోసం చిన్న మడుగు కట్టాను. చవితికి ముందు మొదటి కప్ప వచ్చింది. పండగ నాకు ఆ రోజే!

నిమజ్జనం రోజు ఎదురింటి సుజాతగారు రంగుల వినాయకుడితో వచ్చేశారు. వెనకే తమ తమ విగ్రహాలతో మరో నాలుగు కుటుంబాలు.

"ఇక్కడే నీళ్లుండగా లేక్ దాకా డ్రైవ్ చేయడమెందుకు అన్నయ్యగారూ?"

"వద్దమ్మా! ఆ రంగులకి నా కప్ప చచ్చిపోతుంది!" అంటూ చేతులు చాపి అడ్డుపడ్డాను. వెనక్కి నడుస్తూ నేనే వెల్లకిలా మడుగులో పడ్డాను. కప్ప ఎగిరి నా బొజ్జెక్కింది.

ఒకటే నవ్వులు! విగ్రహాలన్నీ బకెట్లలోనే నిమజ్జనమయ్యాయి. నా కప్ప బతికింది. తడిసినా అంత సంతోషం నేనెరగను.

వెళ్తూ సుజాతగారు అన్నారు: "బొజ్జ గణపయ్యని మీ మడుగులోనే కలిపేశాం అన్నయ్యగారూ. ఎలుక బదులు కప్ప, అంతే తేడా!"