పీకేసిన పెన్‌డ్రైవ్

ఆ రోజు నేను చేసిన తప్పు, సాయం చేస్తున్న మనిషిని దొంగ అనుకోవడం. పర్చూరు నుంచి గుంటూరు వెళ్లే బస్సులో నా లాప్‌టాప్ నల్లటి తెర దగ్గరే ఆగిపోయింది. చనిపోయిన నా భార్య ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. పక్క సీటాయన తన పెన్‌డ్రైవ్ గుచ్చి, దాన్నుంచే కంప్యూటర్‌ని నడిపించాడు. ఎన్నడూ చూడని తెర వచ్చింది. కాసేపటికి అందులో ఆమె ఫొటోలు కనిపించాయి.

పెన్‌డ్రైవ్ అంటే ఫైళ్లు మోసుకుపోయేదనే నాకు తెలుసు. పైగా మిర్చి యార్డులో బతికినవాణ్ణి. మచ్చు చూస్తానని సంచిలో చెయ్యి పెట్టినవాడు గుప్పెడు కాయ తీసుకోకుండా వదలడు.

"మా ఇంటావిడ ఫొటోలు నీ దాంట్లోకి లాగుతున్నావా?" అంటూ పెన్‌డ్రైవ్ పీకేశాను.

"అయ్యో, అట్లా పీకేశారేంటండీ! ఫొటోలు మీ లాప్‌టాప్‌లోవే, నేను లాగలేదు. నాకు సొంత కంప్యూటర్ లేదు, ఎక్కడ దొరికితే అక్కడ దీంతోనే నడుపుకుంటా. రేపు పిల్లలకి చెప్పాల్సిన పాఠాలన్నీ దాంట్లోనే రాసుకున్నా," అన్నాడు.

మళ్లీ గుచ్చితే కంప్యూటర్ నడిచింది, ఫొటోలూ ఉన్నాయి. నడుస్తుండగా పీకడంతో ఆయన పాఠాలు మాత్రం చెడిపోయి తెరుచుకోలేదు.

ఆయన ప్రత్తిపాడులో దిగితే నేనూ దిగాను. ఆయన పనిచేసే బడి వరండాలో లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి, "మళ్లీ రాసుకోండి మాస్టారూ, ఎంతసేపైనా సరే," అన్నాను.

"పక్కనే ఉండి కాపలా కాయరా?" అన్నాడాయన.

నేను రోడ్డవతల టీకొట్టుకి వెళ్లి, బడి వైపు వీపు పెట్టి కూర్చున్నాను.