సున్నా పడిన ఆనపకాయ

మా మేనత్త కాయించిన ఆనపకాయకి గుడిలో, తెర మీద, అందరి ముందూ సున్నా పడింది. ఒట్టి సున్నా కూడా కాదు. ఒక సున్నా, ఒక చుక్క, ఆ వెనక ఇంకో రెండు సున్నాలు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు. "పోనిద్దురూ టీచరుగారూ, అయిపోయినదానికి ఎందుకూ" అనేవాళ్లని చూస్తే ఇంకా మండుతుంది.

మాది రాజాం దగ్గర పల్లె. మిషన్ దొరల కాలంలో కట్టిన పెంకుల గుడి, దాని చుట్టూ మా క్రైస్తవ సంఘం. సంఘంలో సగం మంది కూలికి వెళ్లేవాళ్లు. మిగతా సగం వాళ్లు చదివించుకున్న పిల్లలు: టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు. నేను ఈ రెండో సగంలో ఉన్నాను, హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మేనత్తది మొదటి సగం. మా నాన్నకి అక్క. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఊడుపులకీ కోతలకీ వెళ్లి నడుం వంచుకుని, ఇప్పుడు పింఛనుతోనూ పెరటి పాదులతోనూ నెట్టుకొస్తోంది. పశువుల పాక మీదకి ఆమె పాకించే ఆనపతీగకి మా ఊళ్లో పేరుంది.

వరి కోతలయ్యాక గుడిలో కోతల పండుగ చేస్తాం. ఎవరింట ఏది పండితే అది తెస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, గుడ్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఏమీ పండనివాళ్లు పిడికిలి బియ్యం తెస్తారు. మా ఆడవాళ్లు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు, ఆ బియ్యం అన్నమాట. ఆరాధన అయ్యాక వీటన్నిటికీ వేలం. సంఘ పెద్ద ఒకాయన వస్తువుని చేత్తో పైకెత్తి, ఫలానా ఆమెది అని పేరు పెట్టి చెప్తాడు. పాట ఎంతకి ఆగిందో చెప్తాడు. సంఘమంతా "స్తోత్రం" అంటుంది. ఇంటి వస్తువుని ఇంటివాళ్లే పాడకూడదని కట్టుబాటు, అందుకే అత్త ఆనపకాయ నేనెప్పుడూ పాడలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరైనా తప్పుచేశారని తేలితే సంఘం వాళ్లని క్రమశిక్షణలో పెడుతుంది. అన్నాళ్లూ వాళ్ల కానుక పుచ్చుకోరు, యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ నెలకోసారి ప్రభు బల్ల జరిగినప్పుడు వాళ్లకి రొట్టె ఇవ్వరు. ఈమధ్య కాలంలో ఎవరినీ అలా పెట్టింది లేదు. కానీ పాతకాలం వాళ్లకి ఆ భయం ఒంట్లోంచి పోలేదు.

ఇలా ఉండగా గుడి పక్కన హాలు కట్టాలన్నారు. పది లక్షలవుతుందని అంచనా వేశారు. సంఘ కార్యదర్శిగారి అల్లుడు విశాఖపట్నంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తాడు. ఆయన వచ్చి, ఇకమీదట నోట్లూ చిల్లరా ఎందుకు, మన సంఘానికి మన సొంత డిజిటల్ కాయిన్ చేస్తానన్నాడు. రూపాయలు కడితే ఫోన్లో కాయిన్లు పడతాయి, వాటితోనే కానుకలు, వాటితోనే వేలం. బయటూళ్లలో ఉన్నవాళ్లు కూడా అక్కడినుంచే పాడుకోవచ్చు. ఎవరు ఎంతిచ్చారో తెర మీద అందరికీ కనబడుతుంది, ఒకసారి పడింది ఎవరూ చెరపలేరు. వినడానికి బాగానే ఉంది, నేనూ బాగుందనే అన్నాను.

గొడవంతా కొలత దగ్గర వచ్చింది. పది లక్షల హాలు కాబట్టి మొత్తం వంద కాయిన్లు, అంటే ఒక కాయిన్ పదివేల రూపాయలు అని ఆయన తేల్చేశాడు. తెర మీద కూడా కాయిన్లలోనే చూపిస్తాడట. చుక్క తర్వాత రెండు అంకెలు, అంతకు మించితే తెర ఇరుగ్గా ఉంటుందట.

నేను లేచాను. ముప్ఫై రూపాయలు వేసేవాళ్లున్నారు మన సంఘంలో, వాళ్లది ఏం కనబడుతుంది అని అడిగాను. కాయిన్ని లోపల ఎలాగైనా ఉంచుకోండి, బయటికి మాత్రం చిన్న కొలతలో చూపించండి, రూపాయికి ఒకటి చొప్పున, దానికి పిడికిలి అని పేరు పెట్టండి అన్నాను. ముప్ఫై వేసినామెకి ముప్ఫై పిడికిళ్లు. మా ఆడవాళ్లు ఎవరూ వచ్చి అర్థం చెప్పమని అడగక్కర్లేదు. అల్లుడుగారు చిరునవ్వు నవ్వి, అది మరీ చిల్లరగా ఉంటుందండీ, కాయిన్ కొన్నామంటే దానికో గౌరవం ఉండాలి అన్నాడు. పైగా లోపల లెక్క పైసలతో సహా ఉంటుంది, తెర మీద కనబడదు, అంతే అన్నాడు. కార్యదర్శిగారు, టీచరమ్మగారు మనందరికీ దశాంశాల పాఠం చెప్తున్నారని ఒక విసురు విసిరారు. అందరూ నవ్వారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. పదివేలు ఇవ్వగలవాడి కంటికి ఆనేలా కొలత పెట్టుకుని, దానికి గౌరవం అని పేరు పెట్టారు. నేను చెప్పింది చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

పండుగ రోజు వేలం మొదలైంది. గుడ్ల బుట్టని ఒక హమాలీ పాడాడు. పాపం, ఆయన మనసులో ఉన్నది యాభై రూపాయలు. పాయింటు సున్నా సున్నా ఐదు అనాల్సింది పోయి పాయింటు సున్నా ఐదు అన్నాడు. అది ఐదొందలైంది. అందరూ పగలబడి నవ్వారు, ఆయన భార్య మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత కూలి జనం ఒక్కరు నోరు తెరిస్తే ఒట్టు. ఎక్కడ ఒక సున్నా ఎక్కువవుతుందో, ఎక్కడ తక్కువవుతుందో అని భయం. ఎప్పుడూ పోటీపడి పాడే అత్త ఆనపకాయ నలభై రూపాయలకి ఆగిపోయింది. సంఘ పెద్ద దాన్ని పైకెత్తి పేరు చెప్పి, పాట ఎంతో చెప్పడానికి తెర వైపు తిరిగాడు. అత్త పేరు, దాని ఎదురుగా సున్నాలు. ఆయనకి ఏం చదవాలో తోచక ఊరుకున్నాడు. పాట చదవలేదు కాబట్టి ఎవరూ స్తోత్రం అనలేదు, వెంటనే కోడిని ఎత్తారు.

అత్త చీర చెంగు సర్దుకుని కూర్చుంది. నేనూ ఆ సాయంత్రం అల్లుడుగారిని నాలుగు మాటలు అనేసి, ఇంటికొచ్చి నా పనిలో పడ్డాను.

వేసవి వచ్చాక గమనించాను. ప్రభు బల్ల రోజున రొట్టె పళ్లెం బెంచీల వెంట చేతులు మారుతూ వస్తుంది. అత్త దగ్గరకి రాగానే, తీసుకోకుండా పక్కామె చేతికి ఇచ్చేసింది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. తర్వాతి నెలా అంతే చేసింది. ఇంటికి వెళ్లి అడిగాను. పొయ్యి దగ్గర కూర్చుని చేట కిందకీ పైకీ ఆడిస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"నన్ను శిచ్చలో పెట్టీసినారు గదే. మరి రొట్టె ఎలాగ ముట్టుకుంతాను?"

నాకు అర్థం కాలేదు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడిగాను. కోతల పండుగకి ముందు కార్యదర్శిగారింటి మేకలు వచ్చి ఆమె పాదు మేసేశాయి. ఈమె వాళ్లావిడని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తర్వాత పండుగలో తన కానుకకి సున్నా పడింది. సంఘ పెద్ద పాట ఎంతో చదవలేదు, సంఘం స్తోత్రం అనలేదు. అంటే కానుక పుచ్చుకోలేదు. కానుక పుచ్చుకోలేదంటే క్రమశిక్షణే గదా. పిలిచి చెప్పడానికి మొహమాటపడి అలా తెర మీద వేసి తెలియజేశారనుకుంది. తప్పు తనదే కాబట్టి ఎవరినీ అడగలేదు. నెలల తరబడి ఆమె దేవుడి బల్లకి ఎడంగా కూర్చుంది. పిడికిలి బియ్యం మాత్రం రోజూ తీస్తూనే ఉంది. గుడికి తెస్తే పుచ్చుకోరేమో అని తేలేదు. డబ్బా నిండి, పక్కన బిందెలోకి పోసింది. పైన పురుగు తిరుగుతోంది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రెండు కాసులే వేసిన పేద విధవరాలు అందరికన్నా ఎక్కువ వేసినట్టు యేసు లెక్కకట్టిన కథ మీద ఏటా ప్రసంగం వినే సంఘం మాది. విని, తలలూపి, బయటికొచ్చి, నలభై రూపాయలని సున్నా చేసే కొలత పెట్టుకున్నాం.

నేరుగా కార్యదర్శిగారింటికి వెళ్లాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అంతా విని, ముసలామె పిచ్చి కాకపోతే ఆ మేకల సంగతి మేమెప్పుడో మరిచిపోయాం అన్నారు. డబ్బు ఎక్కడికీ పోలేదు, లోపల నలభై భద్రంగా ఉంది, అది చూపించే తీరు మాత్రమే అన్నారు. ఆ మాత్రమే అన్న మాట దగ్గర నేను గట్టిగానే అరిచాను. వాళ్లావిడ కాఫీ తెచ్చి, నా గొంతు విని, కప్పుతోనే వెనక్కి వెళ్లిపోయింది. ఆదివారం అందరికీ చెప్పండి, ఆ పేజీ సరిచేయించండి అన్నాను. పడింది చెరపలేమమ్మా, అదే గదా దాని గొప్పతనం అన్నారు. కావాలంటే నన్నే వెళ్లి అత్తకి నచ్చజెప్పమన్నారు.

వెళ్లి నచ్చజెప్పబోయాను. లోపల ఉందట అత్తా, పైకి కనబడలేదంతే అన్నాను. అంటుంటేనే నా నోటికి ఆ మాట చేదుగా ఉంది.

"లోపలున్నాదని నువ్వు సెప్తన్నావు, నాను నమ్ముతాను," అంది. "మరి అందరూ సూసింది సున్నాయే గదా. సంఘం ముందర పడినాది. సంఘం ముందరే తియ్యాల."

ఈలోగా ఒక చిత్రం జరిగింది. విజయనగరంలో స్థిరపడిన మా రిటైర్డు ఆఫీసరు ఒకాయన ఐదువేలు ఇచ్చి ఉన్నాడు. తెర మీద ఆయన పేరు పక్కన చుక్క ఐదు సున్నా పడిందని బంధువులెవరో ఎగతాళి చేశారట, ఏంటి బాబాయ్, అర కాయినేనా అని. ఆయన కార్యదర్శిగారికి ఒక్క ఫోను చేశాడు. ఆ వారంలోనే మీటింగు పెట్టారు. ఇకనుంచి రూపాయికి ఒక యూనిట్, ఐదువేలు ఐదువేలుగానే కనబడుతుంది, పెద్ద అంకె చూస్తే ఇచ్చేవాళ్లకి ఉత్సాహంగా ఉంటుంది అని అల్లుడుగారు ఫోన్లోంచే వివరించాడు. పేరు కూడా పెట్టారు, పిడికిలి అని. ఎవరో చెప్పారట, బాగుందట. నేను చెప్పినప్పుడు చిల్లర అయినది, ఆయనకి నామోషీ అయ్యేసరికి సంస్కరణ అయింది.

మళ్లీ కోతల పండుగ వచ్చింది. అత్తని బతిమాలి తీసుకొచ్చాను. ఆనపకాయని ఒళ్లో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది. తెర మీద ఇప్పుడు అన్నీ నిండు అంకెలు, ఒక్క చుక్క లేదు. సంఘ పెద్ద అత్త పేరు పిలిచాడు. ఆమె లేచింది కానీ కాయ ఇవ్వలేదు.

"బాబూ, ముందు నిరుటిది సూపించండి," అంది.

అల్లుడుగారు కంప్యూటరు దగ్గర కూర్చుని ఉన్నాడు. వెనక్కి జరిపి నిరుటి పేజీ తెచ్చాడు. అవే సున్నాలు. కొత్త కొలత ఈ ఏటి నుంచేనండీ, పాత పేజీలు అలాగే ఉంటాయి, లోపల మాత్రం నలభై భద్రంగానే ఉంది అన్నాడు. కార్యదర్శిగారు గడియారం చూసుకుని, టైమైపోతోంది, ఇవన్నీ తర్వాత చూద్దాం అన్నారు.

నేను ముందుకి వెళ్లి సంఘ పెద్ద చేతిలోంచి మైకు తీసుకున్నాను. అడిగి తీసుకోలేదు. అత్త పేరు చెప్పి, నిరుడు ఆమె ఆనపకాయ తెచ్చింది, పాట నలభై రూపాయలు, సంఘం పుచ్చుకుంది అన్నాను. పుచ్చుకుంది అన్నది రెండోసారి కూడా అన్నాను. ముందు ఆడవాళ్ల వైపు నుంచి స్తోత్రం వినబడింది, ఆ వెనక మిగతా వాళ్లు అందుకున్నారు.

నేను మైకు ఇచ్చేయబోతుంటే వెనక బెంచీలో ఇంకొకామె లేచి, తనది నిరుడు పదిహేను రూపాయల గోంగూర, దానికీ సున్నాయే పడింది అంది. ఆమె పేరూ చదివాను, స్తోత్రం అన్నారు. ఇంకొకరు లేచారు. అప్పుడు చూశాను వెనక బెంచీలన్నీ. అత్త ఒక్కతే నోరు తెరిచింది గానీ, ఏడాదిపాటు ఆ సున్నాలు మింగి కూర్చున్నవాళ్లు సగం సంఘం ఉన్నారు. ఒక్కొక్కరే లేచి చెప్పారు, ఒక్కొక్కరిదే చదివాను. కార్యదర్శిగారు కూర్చుండిపోయారు. బయట వంటలు చల్లారిపోయాయి. కాళ్లు కట్టేసిన కోళ్లు అరుస్తూనే ఉన్నాయి.

ఆ నెల ప్రభు బల్లలో అత్త రొట్టె తీసుకుంది. నేను కావాలనే అటు చూడకుండా కూర్చున్నాను, అయినా చూశాను. ఇంటికి నడుస్తున్నప్పుడు దారిలో నా మీద విసుక్కుంది.

"ఒసే, ఆరోజు నలభై నలభై అని మైకులోన అలగ అరిసీసినావేటి? నా కాయ ఎప్పుడైనా అంత తక్కువకి పోనాదేటి?"

నేనేదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తక్కువైతే తక్కువే అనుకో," అంది. "నాదని తెలిసినాది గదా."