పారబోసిన నిన్నటి నీళ్ళు

1962 ఎండాకాలం. నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక చిన్న పట్నం. పేరు రాయను. అక్కడ నల్లాలు పెట్టి అప్పటికి మూడేళ్ళు. నేను వాటర్ వర్క్స్ ఓవర్సీర్‌ని, అంటే వాగులోని బావి దగ్గరి పంపు మొదలుకొని ఆఖరి ఇంటి నల్లా దాకా నీళ్ళు నడిపించే పూచీ నాది. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. పైపుల సంగతి నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడన్న మిడిసిపాటు కూడా ఉండేది.

పొద్దున్నే ట్యాంకు వాల్వు తిప్పితే నీళ్ళు ముందు కింది బజారుకు, ఆఖరున గుట్టవాడకు పోవాలి. పైపులైను చివరి భాగాన్ని మేము టెయిల్ ఎండ్ అంటాం. ఆ ఏడు హోలీ దాటినప్పటి నుంచి టెయిల్ ఎండ్‌కు చుక్క నీరు ఎక్కలేదు. రెండు నెలలు లైను పొడుగునా గుంతలు తవ్వించాను. జాయింట్లలో సీసం మళ్ళీ పోయించాను. ఎక్కడా లీకు లేదు. పంపు బాగానే ఉంది, ట్యాంకు నిండుతూనే ఉంది. ఇక గుట్టవాడవాళ్ళే పైపుకు ఎక్కడో తూటు పెట్టి ఉంటారని తేల్చుకొని, నాలుగు తిట్టి వద్దామని ఒకరోజు సైకిలెక్కి పోయాను.

మొదటి ఇల్లు ఎల్లమ్మది. కూలి పని చేసుకునే మనిషి. గడపలో కాలు చాపుకొని కూర్చుంది. చీలమండ మీద పుండు, దాంట్లోంచి తెల్లని దారం ఒకటి వేలాడుతోంది. దాన్ని చీపురుపుల్లకు మెల్లగా చుడుతోంది. ఏదో తాయెత్తు దారమనుకున్నాను. అది కదిలింది. తిట్టడానికి వచ్చిన సంగతి మరిచి, సైకిలు గోడకు ఆనించి వంగి చూశాను.

"నారు పురుగు, సారు," అంది ఆమె. "పోయినేడు తాగిన బాయి నీళ్ళు. ఏడాది లోపట్నే పెరిగి గిప్పుడు బయటికొస్తాంది. జర జోరుగ గుంజితే తెగుతది. తెగితే కాలంత చీము పడ్తది."

పోయిన ఎండాకాలం కూడా నెల రోజులు వాళ్ళకు నల్లా రాలేదట. వాళ్ళు నాకు చెప్పలేదు, నేను అడగనూ లేదు. నల్లా రాకపోతే వాళ్ళకున్నది ఒక్క దిగుడుబావి. పుండు కాళ్ళతోనే మెట్లు దిగి అందరూ ఆ నీళ్ళలో నిలబడతారు, పురుగు తన పిల్లల్ని ఆ నీళ్ళలోనే వదులుతుంది, అవే మళ్ళీ కడవల్లోకి ఎక్కుతాయి. ఇది దవాఖాన కాంపౌండరు నాకు తర్వాత చెప్పిన మాట. నేను నిలబడి ఉండగానే ఎల్లమ్మ కూతురు లక్ష్మి ఆ బావి నుంచే కడవ మోసుకొచ్చి దించింది, చెంబు ముంచుకొని గటగటా తాగింది. ఎనిమిదేళ్ళుంటాయేమో.

"నాకయ్యేది అయ్యింది," అంది ఎల్లమ్మ. "గీ పిల్ల కాలుకు రావద్దు సారు. నల్లా ఎప్పుడొస్తదో చెప్పు."

సైకిలు నడిపించుకుంటూ తిరిగొచ్చాను.

మర్నాడు పొద్దున వాల్వు తిప్పించి, పైపును వదిలేసి నీళ్ళ వెంట నడిచాను. కింది బజారులో వీధి పక్క మోరీలు నిండుగా పారుతున్నాయి. లీకేమోనని వంగి చూశాను, కాదు. ఇంటింటి ముందూ ఆడవాళ్ళు నిండు కడవలు మోరీలో వంచుతున్నారు, కడిగి నల్లా కింద పెడుతున్నారు. నీళ్ళు నిలవుంచే పెద్ద గోలేలు కూడా తోడి పోసేస్తున్నారు. ఎందుకని అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఇంటి బావి తోడుకున్న కాలంలో నిన్నటి నీళ్ళు చెట్లకు పోసి తాజా నీళ్ళు పట్టుకోవడం అలవాటు. బావి పోయి నల్లా వచ్చింది, చెట్లు పోయి మోరీ వచ్చింది, అలవాటు మాత్రం పోలేదు. మిగతా కాలాల్లో ఎలాగో సరిపోయేది, ఎండలకు వాడకం పెరిగేసరికి ఆ పారబోతే గుట్టవాడ వాటాను మింగేసింది. మూడేళ్ళుగా ఆ వీధిలో తిరుగుతూ నేనది చూడనే లేదు!

మలుపు తిరిగాను. మా ఇల్లు. మా అమ్మ గోలెం ఖాళీ చేస్తోంది.

"ఏం చేస్తున్నవమ్మా?" అన్నాను.

"నిన్నటియి కొడుకా. పాశి నీళ్ళు ఎవలన్న తాగుతరా? రోజు పారబోసేటియే గద."

అరుగు మీద కూర్చుండిపోయాను. ఊరంతా గుంతలు తవ్వించిన ఓవర్సీర్ ఇంట్లోనే ఇంత పెద్ద లీకు!

పై ఆఫీసరుకు చెబితే నవ్వి, ఇంకో పంపు కావాలని కాగితం పెట్టమన్నాడు. జనం అలవాట్లు మాన్పడం మన పని కాదన్నాడు. పంపు వచ్చేదాకా వాళ్ళు ఏ నీళ్ళు తాగాలని ఆయన మీద గొంతు పెంచి, బయటికి వచ్చేశాను. అమ్మకు చెబితే ఆమె కూడా నమ్మలేదు. రిక్షాలో గుట్టవాడకు తీసుకుపోయాను. ఎల్లమ్మ కాలు చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాటి నుంచి అమ్మే ఇల్లిల్లూ తిరిగింది. "కడవ కడుగుండ్రి, నీళ్ళు పారబోయకుండ్రి. నిన్నటియి తానానికి, గొడ్లకు. ఇయ్యాల్టియి తాగతందుకు," అని చెప్పేది. ఎదురు చెప్పినవాళ్ళను చెయ్యి పట్టుకొని ఎల్లమ్మ గడప దాకా నడిపించేది. నా మాట అయితే ఎవరూ వినేవాళ్ళు కాదు. కడవలు తొందరగా నిండి, నల్లాలు తొందరగా కట్టేయడం మొదలైంది. పన్నెండో రోజున గుట్టవాడ నల్లా ముందు బుస్సున గాలి వదిలి, తర్వాత నీళ్ళు పోసింది. లక్ష్మి దాని కింద తల పెట్టి నవ్వింది. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

మరుసటి ఎండాకాలం ఆ వాడకు పోయాను. నల్లా వస్తూనే ఉంది. ఎల్లమ్మ కాలు మానింది, మచ్చ మిగిలింది. లక్ష్మి గడపలో కూర్చొని ఉంది. పాదం మీద బొబ్బ, అందులోంచి తెల్లని కొస, చేతిలో చీపురుపుల్ల.

"నల్లా వచ్చినంక మేము గా బాయి దిక్కు పోలే సారు," అంది ఎల్లమ్మ మెల్లగా, నాకు ధైర్యం చెబుతున్నట్టు. "గియి గంతకు ముందటి నీళ్ళు."

గంతకు ముందంటే నేను గుంతలు తవ్వించిన రెండు నెలలు. ఆ తర్వాత ఏ పట్నానికి బదిలీ అయినా నేను మొదటిరోజు పంపు చూడలేదు, ట్యాంకు చూడలేదు. నల్లా వదిలే వేళకు పోయి మోరీ దగ్గర నిలబడేవాణ్ణి. మోరీ చూడాలని ఆ ఏడు రెండు నెలల ముందే తెలిసి ఉంటే ఆ పిల్ల చేతిలో చీపురుపుల్ల ఉండేది కాదు.