మా వదినా నేనూ కనిపెట్టిన దీవి

యానాంలో ఏ చేపల బుట్ట దగ్గరైనా ఆగి, పడవేసుకుని వెళ్ళి దీవిలో మకాం పెట్టిన టీచరమ్మ ఇల్లెక్కడని అడిగి చూడండి. ముందు నవ్వుతారు, తర్వాత దారి చెబుతారు. దారి చెబుతున్నంతసేపూ కూడా నవ్వుతారు. ఆ నవ్వు వెనకున్న ఘోరాన్ని వాళ్ళు చెబితే ఉప్పూ కారం దట్టించి చెబుతారు కనక, అదేదో నేనే చెప్పేస్తాను. ఉన్నదున్నట్టు చెప్పినా మీకు సరిపోతుంది. అంత ఘోరం అది.

అప్పటికి నాకు ముప్పై దాటి కొన్నేళ్ళయింది. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఫోనులో ఒక తెల్లావిడ వీడియోలు చూసేదాన్ని. ఆవిడ సన్నటి పడవలో ఒంటరిగా కూచుని, అలలు విరిగిపడే రాళ్ళ ఒడ్ల వెంట తెడ్డు వేసుకుంటూ వెళుతుంది. మనిషన్నవాడు లేని దీవి కనిపిస్తే ఆగుతుంది. పుల్లా పుల్లా రాసి నిప్పు పుట్టిస్తుంది, చేపను పట్టి కాల్చుకుంటుంది, చుక్కల కింద హాయిగా నిద్రపోతుంది. ఆవిడను దోమలు కుట్టవు. ఈ చివరి సంగతి నేనప్పుడు గమనించలేదు.

అలాంటి పడవను కయాక్ అంటారు. ఇద్దరు కూచునే పసుపుపచ్చ ప్లాస్టిక్ కయాక్ ఒకటి నేనూ తెప్పించుకున్నాను. అది లారీలో దిగిన రోజున మా ఆయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అరటికాయ బజ్జీలా ఉందని తేల్చారు. మనసు చివుక్కుమన్నా నేను పట్టించుకోలేదు. కొన్ని ఆదివారాలు గుడి నుంచి వచ్చాక గోదావరి గట్టు పక్కనే అటూ ఇటూ తెడ్డు ఆడించి, ఇక నాకు రానిది లేదని తీర్మానించుకున్నాను.

తోడెవరన్నది ప్రశ్న. మా ఆయనకు మెట్టకూరులో ఎరువుల కొట్టుంది, దాన్ని వదిలి రానన్నారు. మిగిలింది రూతు వదిన, మా అన్నయ్య భార్య. ఫరంపేటలో మా పక్కిల్లే. పొద్దస్తమానం కుట్టుమిషను ముందు కూచుని జాకెట్లు కుడుతుంది. నేను అడగ్గానే మిషను ఆపి, ఎప్పుడు బయల్దేరాలని అడిగింది. అంత తొందరగా ఒప్పుకున్న మనిషిని అనుమానించాలని నాకు తోచలేదు.

మా మకాం ఆదిమానవుల పద్ధతిలో ఉంటుందని వదినకు నియమాలు చెప్పాను. స్టవ్వు లేదు, అగ్గిపెట్టె లేదు, వండిన తిండి లేదు. ఫోన్లు పడవలోని పెట్టెలో పడేసి తెల్లారేదాకా ముట్టుకోకూడదు. ప్రకృతి ఏమిస్తే అదే తినాలి.

"ప్రకృతి ఏం ఇవ్వకపోతేనో?" అంది వదిన.

"ఇస్తుంది వదినా."

"మనం వత్తన్నట్టు ఆవిడకి తెలుసా మరి?"

డిసెంబరు సెలవుల్లో బయల్దేరాం. లైఫ్ జాకెట్లు తొడుక్కుంటే తప్ప కదలనివ్వనని మా ఆయన గట్టున అడ్డంగా నిలబడ్డారు. తొడుక్కున్నాం. సముద్రం గోదావరి నీటిని తనవైపు లాక్కునే వేళను మా వైపు పాటు అంటారు, తిరిగి నెట్టే వేళను పోటు అంటారు. మేం పాటు మీద వెళ్ళాం కనక తెడ్డు వేసినా వేయకపోయినా పడవ జోరుగా సాగింది. ఆ జోరంతా నా భుజబలమే అనుకున్నాను. ముందు కూచున్న వదిన రెండు చేతులతో పడవ అంచులు గట్టిగా పట్టుకుంది. తెడ్డు వేయమంటే, నువ్వు బాగా వేస్తున్నావు కదా, మధ్యలో నేనెందుకంది. ఆ మెచ్చుకోలుకు పొంగిపోయి ఇంకా గట్టిగా వేశాను.

కాసేపటికి పెద్ద గోదావరి వదిలి మడచెట్ల మధ్య ఒక పాయలోకి తిప్పాను. ఆ పాయ ఇంకో పాయలోకి, అది మరో పాయలోకి దారి తీసింది. ఎటు చూసినా బురదలో నిలబడ్డ వేళ్ళు, కొంగలు, మళ్ళీ వేళ్ళు. దారి తప్పామా అని వదిన అడిగితే, దారి ఉంటేగా తప్పడానికి, ఇది అన్వేషణ అన్నాను. ఎండ వాలేవేళకు ఎదురుగా ఇసుక ఒడ్డు, దాని వెనక సరుగుడు తోట కనిపించాయి. మనిషి జాడ లేదు. దీవి దొరికిందని ప్రకటించాను.

పడవను ఒడ్డున బురదమీదికి లాగి, ఉక్కపోస్తున్న లైఫ్ జాకెట్లు విప్పి అందులోనే పడేశాం. వదిన తన సంచీ ఒకటి భుజాన వేసుకుంది. నిజంగా దీవేనా కాదా అని తేల్చుకోవడానికి సరుగుడు తోట దాటి అవతలికి నడిచాం. అక్కడొక మట్టికట్ట, కట్టకు అవతల బోలెడు నీళ్ళు. మసక వెలుతురులో తళతళలాడుతున్నాయి. ఎక్కడినుంచో హోరు. దూరంగా ఒకటి రెండు దీపాలు.

"అదిగో వదినా, సముద్రం. అవి వేటకెళ్ళిన బోట్ల దీపాలు."

వదిన చాలాసేపు చూసింది. "సముద్రానికి మూలలుంటాయా సునీతా?" అంది.

అది కంటి భ్రమ అని చెప్పాను. అలల చప్పుడు ఆగాగి రావాలి కదా, ఇది పిండిమరలా ఒకటే మోత ఏమిటని మళ్ళీ అడిగింది. లోతు తక్కువైన చోట అలాగే ఉంటుందన్నాను. లెక్కల టీచరు కాస్త ధీమాగా చెబితే ఫరంపేటలో ఎవరూ ఎదురు చెప్పరు.

తిరిగొచ్చి నిప్పు పుట్టించే పని పెట్టుకున్నాను. పుల్లలు రాసి రాసి నా అరచేతులు మండాయి గాని పుల్లలు మండలేదు. చేపలు నన్ను చూడగానే వెళ్ళిపోయాయి. పీతను పడదామని కన్నంలో వేలు పెడితే అదే నన్ను పట్టుకుంది. నేను వేలు చప్పరిస్తూ కూచుంటే వదిన నెమ్మదిగా సంచీ విప్పింది. పులిహోర, వేయించిన రొయ్యలు, ఒక నీళ్ళ సీసా, కొవ్వొత్తి, అగ్గిపెట్టె.

నియమం తప్పావన్నాను. "ఇయ్యన్నీ నేనేమన్నా మిషన్ మీద కుట్టానా? ప్రకృతి ఇచ్చినయ్యే," అంది. ప్రకృతి మీద గౌరవంతో ముప్పాతిక వంతు నేనే తినేశాను.

తిన్నాక, పడవలోంచి గుడారం, దుప్పట్లు తెద్దామని లేచాను. పడవ లేదు.

పడవను లాగి పెట్టిన బురద కూడా లేదు. అక్కడ నీళ్ళున్నాయి. పోటు ఎక్కుతోంది. పోటు ఎక్కుతుందని యానాంలో పాలు తాగే పిల్లలకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా పడవను దేనికీ కట్టలేదు. అల్లంత దూరాన వెన్నెల్లో మా అరటికాయ బజ్జీ, ఎవరో పిలిచినట్టుగా, వెనక్కి తిరిగి చూడకుండా మలుపు తిరుగుతోంది. అందులో గుడారం, దుప్పట్లు, లైఫ్ జాకెట్లు, ఇద్దరి ఫోన్లూ ఉన్నాయి. దాని వెనక నడుములోతు దాకా పరుగెత్తాను. అక్కడ నీటి లాగుడుకు కాళ్ళు తేలిపోతుంటే వదిన వచ్చి నా జడ పట్టుకుని ఒడ్డుకు లాగింది.

ఊపిరి తీసుకుని ఒక ఉపాయం చెప్పాను. ఎదుటి ఒడ్డు మరీ దూరం లేదు, పోటు నిలబడ్డాక నెమ్మదిగా ఈదుకుంటూ పోదాం, అక్కడ ఎవరైనా దొరుకుతారన్నాను.

వదిన కొంగు పిండుకుంటూ, "నాకు ఈత రాదు," అంది.

మధ్యాహ్నమంతా ఆ చేతులు పడవ అంచుల్ని ఎందుకు వదల్లేదో అప్పుడు అర్థమైంది. ఈత రాని మనిషిని గోదావరి మీద ఇంత దూరం తెచ్చాను. పైగా నన్ను మెచ్చుకుంటోందనుకుని మురిశాను.

"ముందే చెప్పొచ్చు కదా వదినా."

"చెప్తే ఇంకెవర్నన్నా తీసుకుపోతావు గదా," అంది. "పెళ్ళయి వచ్చాక నన్ను పనికి కాకుండా ఊరికే సరదాకి రమ్మన్నదానివి నువ్వొక్కదానివే సునీతా. ఎలా రాననేది?" అంది.

నేను ఏడ్చాను. ఇది నవ్వించే కథే, అయినా ఆ మాటకు మాత్రం ఏడ్చాను.

ఆ రాత్రి సంగతి ఎక్కువ చెప్పను. దోమలు మా ఇద్దర్నీ సమానంగా పంచుకున్నాయి. వదిన సంచీ అడుగునున్న ఎర్రచీర తీసి, నన్ను అందులో చుట్టి ప్రార్థన చేసింది. అందులో నా పేరు చాలాసార్లు వచ్చింది. పడవ పేరు ఒక్కసారీ రాలేదు.

తెల్లారేసరికి మంచు. నీళ్ళ సీసా ఖాళీ. ఆ ఎర్రచీరనే సరుగుడు కర్రకు కట్టి, నీటి ఒడ్డున నిలబడి ఊపడం మొదలుపెట్టాను. మంచులో ఎక్కడో బోటు ఇంజన్ల చప్పుళ్ళు వినిపిస్తున్నాయి, దగ్గరకు మాత్రం ఏదీ రావడం లేదు. నా నగలు ఎవరికివ్వాలో, మా ఆయనకు రక్తపోటు మాత్రలు ఎవరు గుర్తు చేస్తారో అన్నీ ఆలోచించేశాను. గొంతు పోయేలా కేకలు వేస్తుంటే వెనకనుంచి హారన్ వినిపించింది.

పడవ హారన్ కాదు, మోటారుసైకిలుది.

సరుగుడు చెట్ల మధ్యనుంచి బండి నడుపుకుంటూ సత్తిబాబు వచ్చాడు. ఆయన కూతురు మా బడిలో ఏడో తరగతి. పోయిన నెలే పిలిపించి, ఆ పిల్లకు గమనించే గుణం తక్కువని చెప్పి పంపాను. ఆయన నన్నూ, వదిననూ, కర్రకున్న చీరనూ మార్చి మార్చి చూశాడు.

"టీచరుగారండీ, చీరారేసుకోడానికి ఇంత దూరం వచ్చారేంటండి?"

"సత్తిబాబుగారూ, ఈ దీవిలోకి బండి ఎలా తెచ్చారు?"

"ఏ దీవండి?"

"ఇదే."

ఆయన మర్యాదకు చుట్టూ ఒకసారి వెతికాడు. "ఇది మా రొయ్యల చెరువు గట్టండి," అన్నాడు.

నేను ఆగలేదు. మరి ఆ హోరు ఏమిటని అడిగాను. ఏరేటర్లండి, రొయ్యలకి గాలాడాలి గదండి అన్నాడు. బోట్ల దీపాలు చెరువు చివర పాకలో బల్బులట. చెరువు అవతల తారురోడ్డట, బస్సు కూడా తిరుగుతుందట. యానాం ఎంత దూరమని భయం భయంగా అడిగాను. పాయల్లో పడి గుండ్రంగా తిరిగొచ్చినట్టున్నారండి అని, "ఇక్కడ టీ కట్టించుకెళ్తే ఇంటికాడ వేడిగానే తాగొచ్చండి," అన్నాడు.

వదిన ఇసుకలో కూలబడింది. ఏడుస్తోందనుకుని దగ్గరకు వెళ్ళాను. నవ్వుతోంది. పక్కటెముకలు పట్టుకుని, మధ్య మధ్య మూలలున్న సముద్రం, మూలలున్న సముద్రం అంటూ నవ్వుతోంది. నాకు సిగ్గు వేయాల్సిన మాట నిజమే. కాని చచ్చిపోతామనుకున్న మనిషికి బస్సు తిరిగే రోడ్డు దొరికితే సిగ్గుకు చోటెక్కడ మిగులుతుంది? సత్తిబాబు కాళ్ళకు దండం పెట్టేదాన్ని, ఆయన బండిమీద ఉండబట్టి కుదరలేదు.

ఇంటికి ఫోను చేసుకోమని ఆయన తన ఫోను ఇచ్చాడు. పదిహేడో ఎక్కం తలకిందులుగా చెప్పగలను గాని మా ఆయన నంబరు నాకు నోటికి రాదు. వదినకు అన్నయ్య నంబరూ రాదు. రొయ్యల మేత దించి తిరిగి వెళుతున్న ట్రాలీ ఆటోలో మమ్మల్నెక్కించి పంపాడు. ఖాళీ బస్తాల మీద రాణుల్లా కూచుని ఊళ్ళోకి వచ్చాం.

గోదావరి గట్టు దగ్గర ఆటో ముందుకు పోలేదు. జనం. అందరూ మాకు వీపులు పెట్టి నీటివైపు చూస్తున్నారు. వదిన దిగి, చివర నిలబడ్డ ఒక పెద్దావిడను ఏమైందమ్మా అని అడిగింది.

"ఎవరో ఇద్దరాడోళ్ళు గోదాట్లో పోయారంటమ్మా. తెల్లారగట్ట వేటోళ్ళకి ఉత్తి పడవ దొరికిందంట. అందులో ఫోను మోగతావుంటే ఎత్తి, పడవుంది గాని మనుషుల్లేరండీ అన్నారంట."

వదిన కళ్ళు చెమ్మగిల్లాయి. కొంగుతో ఒత్తుకుంటూ, "అయ్యో పాపం. పిల్లల తల్లులో ఏమో. ఎవరంటమ్మా?" అంది.

"ఒకావిడ టీచరంట. రెండో ఆవిడ ఫరంపేటలో జాకెట్లు కుడతదంట."

వదిన బాధగా తలాడించింది. తర్వాత ఆలోచనలో పడింది. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అడిగింది. "మన పేటలో జాకెట్లు కుట్టేది నేనొక్కదాన్నే గదా సునీతా?"

జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళాను. మా ఆయన బురదలో కయాక్ పక్కన కూచుని, దానిమీద చెయ్యి వేసుకుని ఉన్నారు. అన్నయ్య ఒక లైఫ్ జాకెట్‌ను చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. మా ఆయన నన్ను చూసి లేచి నా చెయ్యి పట్టుకున్నారు. ఇంటికి వెళ్ళేదాకా వదల్లేదు. అన్నయ్య వదినతో, తిన్నావా అని మాత్రం అడిగాడు. ఆ పెద్దావిడకే కోపం వచ్చింది. పొద్దున్నించీ తిండి మానేసి ఏడ్చాను, మీరు చూస్తే మేత బండి దిగి వచ్చారని తిట్టింది. ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టి పంపాం.

ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదినీ సాక్ష్యం పెట్టి, కుడిచెయ్యి చాపి ప్రమాణం చేశాను. ఈ కట్టెలో ప్రాణమున్నంత వరకు మనుషులుండని చోట రాత్రి మకాం పెట్టను. మనుషులున్నారని తెలియక పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది.