టెంకాయ పాయింటు దేవపాలు

జమ్మలమడుగు దేవపాలు అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. అది ఎక్కడ నిక్కి నిలబడితే అక్కడ బోరు పాయింటు. ఈ పని చేసేవాళ్లు ఈ పక్క చాలామందే ఉన్నారు గానీ, నడిచినంతసేపూ నోరు మూయనివాడు ఈయనొక్కడే.

తప్పంతా మనవరాలు జాస్మిన్‌ది. ప్రొద్దుటూరులో ఇంగ్లీషు చదువుతూ, పాయింట్ అనే మాట లాటిన్‌లో పొడిచిన బెజ్జం అనే అర్థం నుంచి పుట్టిందని సెలవులకు వచ్చి చెప్పింది. ఇంక ముసలాయన్ను పట్టుకునేదెవరు?

"సూది మొన పాయింటే, ఫ్యాను తగిలించే కాడ పాయింటే, కబడ్డీలో గెలిచేదీ, లాయరు లాగేదీ పాయింటే. అవన్నీ ఉత్తుత్తివప్పా. భూమికి నిజంగా బెజ్జం పొడిపించేది నేను" అని కనబడిన రైతునల్లా నిలబెట్టి చెప్పేవాడు. రైతులు పాపం, ఎండలో తువ్వాలు కప్పుకుని తలలూపేవాళ్లు.

పులివెందుల అబ్దుల్ సలాం చీనీ తోట, అదే బత్తాయి తోట, ఎండుముఖం పట్టింది. పాయింటు పెట్టించుకుందామని కారేసుకుని వచ్చేసరికి దేవపాలు చర్చి ముందు రక్తదాన శిబిరంలో ఉన్నాడు. పక్కన భార్య ప్రేమమ్మ.

"నాది ఓ పాజిటివ్ పాపా, సూడాల్సిన పనే లేదు. ఓ పాజిటివ్ గాకుంటే చేతిలో టెంకాయ ల్యాస్తాదా?" అన్నాడు నర్సుతో. ఈ ప్రాంతంలో అందరి నమ్మకమూ అదే.

నర్సు చూసింది. మళ్లీ చూసింది. "బీ పాజిటివ్, తాతా."

దేవపాలు మొహం మాడిపోయింది. ఇన్నేళ్ల పేరు సూది మొనంత చుక్కతో పోయింది. సలాం కారు తాళాలు వేళ్ల మధ్య తిప్పుకుంటూ నేల చూశాడు. పాపం, ఆయన చెట్ల దిగులు ఆయనది.

తర్వాత ప్రేమమ్మ చెయ్యి చాపింది. ఓ పాజిటివ్.

"అదీ సంగతి" అంది ఆమె నింపాదిగా. "టెంకాయ ఒలిచి, పీచు దువ్వి, పొద్దున్నే నీ చేతిలో పెట్టేదెవురయ్యా? నా చెయ్యి తగిలే ల్యాస్తాండాది."

"అయితే నువ్వే రా అత్తా" అన్నాడు సలాం వెంటనే. "చెట్లు శానా ఎండిపోతాండాయి."

చీనీ తోటలో ప్రేమమ్మ చెప్పులు విడిచి, ఒక్క మాటైనా మాట్లాడకుండా నడిచింది. గట్టు పక్కన టెంకాయ లేచింది. బోరు బండి వచ్చింది. నీళ్లు ఎగజిమ్మి మొహాన కొట్టేదాకా దేవపాలు ఆ బండి డ్రైవరుకు లాటిన్ చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు కమలాపురం నుంచి ఫోను. "ప్రేమమ్మత్త ఉందా మామా?"

దేవపాలు ఫోను తిప్పి చూసుకున్నాడు. తన ఫోనే, తన పేరే, అడిగేది మాత్రం ఆమెను. ఏం చేస్తాడు?

"ఉందప్పా. ఆయమ్మ పాయింటు పెడ్తాది, పాయింటంటే ఏందో నేను చెప్తా" అని ఫోను పెట్టేసి, ఆమె చెప్పులు వెతికి గడప ముందు పెట్టాడు.