అక్క ముఖానికి మూడువందల లెన్సు

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, మా పెద్ద కెమెరాల గుంపులో కొత్తగా చేరినతను ఒక ప్రశ్న పడేశాడు. పొడుగు లెన్సు కొనాలనుకుంటున్నాడట. రెండువందల నలభై మిల్లీమీటర్లదా, మూడువందలదా, మూడువందల అరవైదా, పెద్దలు చెప్పాలట. ఇంక చూడండి, పెద్దలందరికీ పూనకం వచ్చేసింది. ఈ రోజుల్లో కూడా నెత్తిన నల్లగుడ్డ కప్పుకొని, ఫిల్ము పలకలు ఒక్కొక్కటే దూర్చి ఫోటోలు తీసే పిచ్చివాళ్ళం కొద్దిమందిమే ఉంటాం. అందుకే ఎవరైనా సలహా అడిగితే ఊరికే వదిలిపెట్టం. నేను "దేనికి బాబూ?" అని ఒక్క ముక్క రాశాను. "కొండలూ అవీ తీద్దామని సార్" అన్నాడు. అతనిది నిజమే అయివుంటుంది. నేను మాత్రం ఒకప్పుడు ఆ మాటే అబద్ధంగా చెప్పాను.

తిరుపతిలో ముప్పై ఏళ్ళపాటు కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. రిటైరయ్యాక అందరూ కొండకు నడిచి వెళ్ళడమో, మనవళ్ళను బడికి దించడమో పెట్టుకుంటారు. నేను చెక్క కెమెరా ఒకటి పెట్టుకున్నాను. ముందు లెన్సు, వెనక గరుకు అద్దం, రెంటికీ మధ్య హార్మోనియానికి ఉన్నట్టు మడతల తిత్తి. అద్దం మీద లోకం తలకిందులుగా కనబడుతుంది. అరచేతి కంటే పెద్దదైన ఫిల్ము పలక ఒక్కటి దూర్చి, ఒక్క ఫోటో తీయాలి. మా ఆవిడ దాన్ని "ఆ పెట్టె" అంటుంది, అదీ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు. మా అక్కయితే తొలిసారి చూసి, "ఇంత పెద్ద పెట్టె మోసుకోనొచ్చి ఒగటే ఫోటోనా? దీనికంటే జాతర్లో ఫోటో తీసేవోడు నయం గదరా" అని పడీపడీ నవ్వింది. అక్క నవ్వితే ఇల్లంతా తెలిసేది, పక్కింటివాళ్ళకూ తెలిసేది. నోట్లో ఎప్పుడూ ఆకువక్క, అందులో చిటికెడు పొగాకు. బంగారుపాళ్యంలో బావకు మామిడితోట ఉంది. తోటలో పనికి వచ్చినవాళ్ళనూ, కాయల లారీ డ్రైవర్లనూ, దారినపోయే బంధువులనూ ముందు "తిన్న్యారా?" అని అడిగాకే ఇంకో మాట మాట్లాడేది. నాకంటే పదేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే.

ఆ అక్కకు కింది దవడలో పుండు లేచి మానలేదు. మేమందరం వేడి అనుకున్నాం, పన్ను అనుకున్నాం, చివరికి తిరుపతి ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశాక డాక్టరు బావనూ నన్నూ లోపలికి పిలిచాడు. ఎడమవైపు దవడ ఎముక తీసేయాలనీ, కాలి ఎముక ముక్కతో మళ్ళీ కట్టాలనీ, ముఖం మాత్రం మునుపటిలా ఉండదనీ, ఆలస్యం చేయవద్దనీ చెప్పాడు. బావ ఎంత భయపడ్డాడంటే బయటికి వచ్చి చెప్పులు వేసుకోవడం మరిచి బస్సెక్కబోయాడు. అక్క మాత్రం తలుపు దగ్గరే నిలబడి అంతా విని, బయటికి వస్తున్న నన్ను చెయ్యి పట్టుకొని ఆపింది. "ఒరే, ఎముక తీసేసినాక నా మొగం ఎట్లుంటాదో ఏమో. తీయకముందే ఒక ఫోటో తీసిపెట్టు. ఫోన్లో వద్దు, ఫోన్లో నా ముక్కు వంకాయ మాదిరి పడతాది. నీ పెద్ద పెట్టెతోనే తీయి. మొగం బాగా కనపడల్ల." సరేనని తలూపాను.

ముక్కు వంకాయలా పడటానికి కారణం ముక్కు కాదు, దూరం. మరీ దగ్గర నుంచి తీస్తే లెన్సుకు ముక్కు దగ్గర, చెవులు దూరం, దగ్గరున్నది పెద్దదవుతుంది. కాస్త వెనక్కి జరిగి, అయినా ముఖం పెద్దదిగా రావాలంటే పొడుగు లెన్సు కావాలి. నా దగ్గరున్నది మామూలు నూటయాభై. అప్పటినుంచి మొదలైంది నా యాతన. రెండువందల నలభై అయితే చాలదేమో, మూడువందల అరవై అయితే మోయలేక కెమెరా ముందుకు తూగుతుందేమో, టెలిఫోటో రకమైతే తిత్తి తక్కువ సాగినా చాలు గానీ బరువు గుండ్రాయంత. పొద్దున ఒకటి ఖాయం చేసుకుంటాను, మధ్యాహ్నానికి మనసు మారుతుంది. అన్నం ముందు కూర్చొని కాగితం మీద లెక్కలు వేస్తుంటే మా ఆవిడ కంచం పక్కనే నిలబడి, "లెన్సు గురించే గదా ఈ దిగులు?" అంది. అవునన్నాను. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. దవడ గురించి నేను చేయగలిగింది ఏమీ లేదు. లెన్సు గురించయితే ఎంతైనా ఆలోచించవచ్చు.

చెన్నైలో ఒక పెద్దాయన పాత లెన్సులు శుభ్రం చేసి ఇస్తుంటాడు. ఆయనకు ఫోన్ చేశాను. ఆయన తెలుగులో సగం అరవం, మర్యాద మాత్రం నిండుగా ఉంటుంది. "ఎదుకు సార్ లెన్సు? కొండలకా, మనుషులకా?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్న అదే. మా అక్క ముఖానికండీ అని చెప్పాలి. చెబితే ఎందుకంటాడు, ఎందుకంటే ఆ జబ్బు పేరు రావాలి. మా ఇంట్లో ఆ పేరు ఎవరమూ ఎత్తడం లేదు, ‘అది’ అంటున్నాం, ఎత్తితే పెరుగుతుందన్నట్టు. "కొండలకే సార్" అనేశాను. తిరుపతివాడు లెన్సు అడిగితే కొండలకు కాక మరి దేనికి అనుకున్నాడో ఏమో, "అప్పుడు సరి, మూణ్ణూరు, అదే మూడువందలది తీసుకోండి, కొండలకు రొంబ బాగుంటుంది" అని ఆ సాయంత్రమే బస్సులో వేసి పంపించాడు.

లెన్సు వచ్చింది. బిగించుకొని మిద్దె మీదికి పోయాను. మా ఊళ్ళో బైనాక్యులర్ కొన్నా, కళ్ళద్దాలు మార్చినా, కాటరాక్టు ఆపరేషన్ చేయించుకున్నా ముందు చూసేది కొండనే. నేనూ కొండకే గురిపెట్టాను. తిత్తిని అడుగు దూరం సాగదీశానో లేదో, అద్దం మీద కొండ అంచు, ఘాట్ రోడ్డు మలుపు, మలుపులో ఎక్కుతున్న బస్సు గీసినట్టు కనబడ్డాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆ రోజు కడుపునిండా తిన్నాను. మూత పెట్టి సంచిలో సర్దేశాను.

మర్నాడు అక్కను ఆసుపత్రిలో చేర్చాలనగా, ఆ పొద్దున బంగారుపాళ్యం వెళ్ళాను. తోతాపురి మామిడి కోత రోజులు. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు హైవే పొడుగునా నిలబడ్డాయి, గాలంతా పండిన కాయల వాసన. అక్క తలంటుకొని, మంచి చీర కట్టుకొని, వరండాలో ఎత్తువీపు కుర్చీలో కూర్చొని ఉంది. కెమెరా ఆరడుగుల దూరంలో పెట్టి నల్లగుడ్డలో దూరాను. అద్దం మీద అక్క లేదు, పొగమంచు ఉంది. తిత్తి లాగాను, ఇంకా లాగాను, చివరంటా వచ్చి ఆగిపోయింది. అయినా పొగమంచే. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. దూరంగా ఉన్న కొండకైతే తిత్తి అడుగు సాగితే చాలు. మనిషి దగ్గరికి వచ్చేకొద్దీ ఇంకా సాగాలి, నా కెమెరాకు అంత తిత్తి లేదు. ముప్పై ఏళ్ళు బోర్డు మీద ఈ సూత్రమే రాసినవాణ్ణి! గుడ్డ కింద చెమటలు కారిపోయాయి. వేరే లెన్సు తెచ్చుకోలేదు, రేపు ఆసుపత్రిలో చేరితే ఇంక ఈ ముఖం ఉండదు. ఏడుపొచ్చింది. గుడ్డలోంచి బయటికి రావడానికి భయమేసి కాసేపు అందులోనే ఉండిపోయాను.

ఇంక ఒకటే దారి, నేను వెనక్కి జరగడం. కెమెరా ఎత్తుకొని వరండా దిగాను, వాకిలి దాటాను, కాయల కుప్పల మధ్యకు పోయాను. "ఏందబ్బా, ఎనక్కెనక్కి పోతా ఉండావు? మీయక్కను తోటతో సహా తీస్తావా ఏంది?" అన్నాడు బావ. "ఇంగా పోతే హైవే మీదికి పోతాడు. లారీలొస్తాయి, సూసుకోరా!" అని అక్క అక్కణ్ణుంచి అరిచింది. కుప్పల అవతల ఒకచోట బొమ్మ కుదిరింది. గరుకు అద్దం మీద అక్క ముఖం చింతగింజంత. పెద్ద ఫిల్ము కాబట్టి దాన్నే గోడకు తగిలించేంత పెద్దది చేసుకోవచ్చని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీడ పట్టు, పైగా తిత్తి అంత సాగితే వెలుతురు తగ్గుతుంది. షట్టర్ ఒక సెకను తెరుచుకొని ఉండాలి. "తల కుర్చీకి ఆనించు. కదలొద్దు. మాట్లాడొద్దు" అని అరిచి చెప్పి షట్టర్‌కు తగిలించిన తీగ నొక్కాను. సరిగ్గా అప్పుడే అక్క, "రేయ్, పొద్దున్నించి ఏమన్నా తిన్న్యావా?" అని అరిచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అక్కా! మాట్లాడొద్దంటిని గదా!" అని గట్టిగా కసిరాను. బావ నావైపు అదోలా చూశాడు. "సరే సరే, రాయి మాదిరి కూచుంటా, తీసుకో" అంది అక్క. రెండో పలక పెట్టి తీశాను. ఈసారి రెప్ప కూడా వేయలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఆపరేషన్ అయ్యాక లోపల ఒక్కరినే ఉండనిచ్చారు. బావ ఉన్నాడు. నేను ఇంటికొచ్చి ఒకచోట నిలవలేక, మధ్యాహ్నమే బాత్రూమ్ కిటికీకి దుప్పటి కట్టి ఫిల్ములు కడిగాను. తడి ఫిల్ము ఎక్కడ గీరుకుపోతుందోనని ఇంకో భయం. ఆరాక పెద్దవి చేసి చూశాను. రెండో ఫోటో అద్దంలా వచ్చింది. దవడ, గడ్డం మీది పుట్టుమచ్చ, పెదవి చివర వక్క మరక, అన్నీ ఉన్నాయి. ముక్కు ముక్కులాగే ఉంది. కానీ అక్కకు ఎంత భయంగా ఉందో ఆ కళ్ళలో ఉంది. అన్ని రోజులూ మా దగ్గర నవ్వుతూ దాచిందంతా రాయిలా కూర్చున్న ఆ ఒక్క సెకనులో పట్టుబడిపోయింది. మొదటి ఫోటోలో కళ్ళూ నుదురూ జుట్టూ స్పష్టంగా ఉన్నాయి, నోరూ దవడా మాత్రం చెదిరిపోయాయి. దేనికోసం అంత లెన్సు తెప్పించానో, సరిగ్గా అదే పడలేదు.

అక్క ఇంటికి చేరాక కూడా చాలా రోజులు ముక్కులో గొట్టం ద్వారానే పాలు పోశారు. ఊరందరినీ తిన్నారా అని అడిగిన మనిషి నోరు తెరవలేక పడుకుంది. ఫోటోలు చూపించమని చేత్తో సైగ చేసింది. స్పష్టమైనది ముందు ఇచ్చాను. కాసేపు చూసి మంచం మీద బోర్లా పెట్టేసింది. ఇంకోటి, ముందు తీసింది, చెడిపోయిందని చెప్పబోతుంటే నా చేతిలోంచి లాక్కుంది. చెదిరిన నోటిమీద వేలు పెట్టి, నన్ను చూపించి, చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళి అన్నం ముద్ద పెట్టుకున్నట్టు చూపింది. తర్వాత గోడవైపు చూపించింది. ఆ గోడకు ఇప్పటికీ ఉన్నది అదే.

ఇప్పుడు అక్క బాగానే ఉంది. అలా రాయడానికి కూడా నాకు భయమే. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు నోరు తెరిచేదాకా ఆయన ముఖమే చూస్తూ ఉంటాను. మాట తిరిగి వచ్చింది గానీ మునుపటి జోరు లేదు; ఒక్కో మాటా కూడదీసుకొని, మధ్యలో తువ్వాలుతో పెదవి తుడుచుకొని అంటుంది. నేను బంగారుపాళ్యం వెళ్తే గుమ్మంలోనే ఆ ప్రశ్న మొదలుపెడుతుంది. బావ తొందరపడి "తిన్న్యావా అంటా ఉండాది" అని అందించబోతే చెయ్యెత్తి ఆపేస్తుంది. ఆ పొద్దున ఒక్క సెకనులో అడిగేసిన మాటకు అక్కకు ఇప్పుడు చాలాసేపు పడుతుంది, అంతసేపూ నేను కదలకుండా నిలబడతాను.